లండన్‌లో రికార్డుల పని అయిపోతోంది, ఫ్లైట్‌కి ముందు ఒక వారాంతం చేతిలో ఉంది: ఎటు తిరగమంటారు?

పాతకాగితాలు:

అందరికీ నమస్కారం. పీహెచ్‌డీ పని మీద లండన్ వచ్చాను, బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ రికార్డులు, అంటే కంపెనీ కాలం, బ్రిటిష్ పాలన కాలం నాటి మన దేశపు సర్కారు కాగితాలు చూస్తున్నాను. నా టాపిక్ 1832–33 గుంటూరు కరువు, మనవాళ్ళు నందన కరువు అనేది. మద్రాస్ బోర్డ్ ఆఫ్ రెవెన్యూ కాగితాలు, కలెక్టర్ల ఉత్తరాలు, వాటికి పైవాళ్ళు తాపీగా ఇచ్చిన జవాబులు, వీటితోనే తెల్లారుతోంది, పొద్దుగూకుతోంది. వచ్చిన దగ్గర్నుంచి నేను చూసిన లండన్ అంటే యూస్టన్ రోడ్డు, లైబ్రరీ మూడో అంతస్తు, నా రూము, అంతే.

ఈ శుక్రవారం సాయంత్రం రీడింగ్ రూమ్ మూసేసరికి నా పని అయిపోతుంది. సోమవారం రాత్రి హీత్రూ నుంచి ఫ్లైట్. మధ్యలో శనివారం, ఆదివారం, సోమవారం పగలు ఖాళీ. ఇంట్లోవాళ్ళు పెద్ద గడియారం (బిగ్ బెన్) ముందు ఫోటో దిగి పంపమంటున్నారు, సరే, అది దిగుతాను. కానీ ఆ ఇరవై చోట్ల లిస్టు పట్టుకుని ఉరుకులు పరుగులు పెట్టే ఓపిక లేదు. కళ్ళు, మెడ, నడుము అన్నీ పోయాయి. డబ్బులు కూడా అడుగంటాయి, టికెట్లు కొని లోపలికెళ్ళేవి వద్దు. ఒక్కదాన్నే తిరగాలి. నవంబర్ కాబట్టి నాలుగు దాటితే చీకటి.

ఇంకో డౌటు. శనివారం కూడా లైబ్రరీ ఉంటుంది కదా, తిరుగుడు మానేసి ఆ రోజు కూడా నాలుగు ఫైళ్ళు చూసుకోవడం మంచిదా? ఇంత దూరం మళ్ళీ ఎప్పుడొస్తానో ఏమో అని మనసు పీకుతోంది.

మేఘమాల:

శనివారం లైబ్రరీకి వెళ్ళకండి. నేనూ ఆ మూడో అంతస్తులో కూర్చున్నదాన్నే కాబట్టి చెబుతున్నా, చివరి రోజు కక్కుర్తిగా తెప్పించుకున్న ఫైళ్ళు ఎవరూ సరిగ్గా చదవరు, ఫోన్‌తో గబగబా ఫోటోలు తీసుకుంటారు, ఇంటికెళ్ళాక ఏ ఫోటో ఏ వాల్యూమ్‌లోదో తెలియక తల పట్టుకుంటారు. ఆ టైముని శుక్రవారమే కేటాయించండి. మధ్యాహ్నం తర్వాత కొత్తవి ఆర్డర్ పెట్టకుండా, తీసిన ఫోటోలన్నీ ఫోల్డర్లలో సర్ది, ప్రతి ఫోల్డర్‌కీ ఐఓఆర్ (ఇండియా ఆఫీస్ రికార్డుల) నంబరు, వాల్యూమ్, పేజీలు రాసుకోండి. అనుమానం ఉన్న పేజీ నంబరు చూసుకోవాలంటే అసలు పుస్తకం ఇంకా మీ బల్ల మీదే ఉంటుంది. అదే హాస్టల్ మంచం మీద కూర్చుని చేస్తే ఆ సౌకర్యం ఉండదు.

శుక్రవారం సాయంత్రానికి మాత్రం ఒక మంచి పని ఉంది. బ్రిటిష్ మ్యూజియం శుక్రవారాలు రాత్రి ఎనిమిదిన్నర దాకా తెరిచే ఉంటుంది, టికెట్ లేదు. లైబ్రరీ నుంచి నడిస్తే ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు. తిన్నగా పెద్ద రోడ్డు మీద పోకుండా టావిస్టాక్ స్క్వేర్ మీదుగా వెళ్ళండి, అక్కడ పార్కు మధ్యలో గాంధీగారు కూర్చున్న విగ్రహం ఉంది, 1968లో పెట్టింది, పీఠంలో ఉన్న గూటి లాంటి చోట ఎవరో ఒకరు పూలు పెట్టి వెళుతుంటారు. అక్కణ్ణుంచి రస్సెల్ స్క్వేర్ దాటి, మాంటేగ్ ప్లేస్ వైపు ఉన్న వెనక ద్వారం గుండా లోపలికి వెళితే 33వ గది దగ్గర. ఆ గది చివర అద్దాల గోడ వెనక 33ఎ. అందులో ఉన్నది మన అమరావతి, అక్కడి బౌద్ధ స్తూపం శిల్పాలు.

గుంటూరు మీద పని చేస్తూ ఇది చూడకుండా వెళ్ళారంటే ఇక మీ ఇష్టం. చాలామంది పాలరాయి అంటారు గానీ అది పలనాటి సున్నపురాయి. వాల్టర్ ఇలియట్ అనే కంపెనీ అధికారి 1845లో తవ్వించాడు, కొన్నేళ్ళు మద్రాసులో ఎండకీ వానకీ పడున్నాయి, 1859లో లండన్ చేరాయి, ఇక్కడా కొన్నాళ్ళు పట్టించుకున్న నాథుడు లేడు, 1880లో మ్యూజియానికి వచ్చాయి. వాటిలో ఒక పలక కోసం వెతకండి. దాని మీద మొత్తం స్తూపమే చెక్కి ఉంటుంది: ద్వారం దగ్గర స్తంభాల మీద సింహాలు, పైన వరసగా అయిదు ఆయక స్తంభాలు (స్తూపం ముందు అరుగు మీద నిలబెట్టేవి), అండం, అంటే గుండ్రటి గుమ్మటం మీద సందు లేకుండా బొమ్మలు. అసలు స్తూపం ఎలా ఉండేదో మనకి చెప్పేది అలాంటి పలకలే. ఆ రాయికి రెండో వైపు కూడా చెక్కుడు ఉంది, అది అంతకంటే పాతది, బోధివృక్షం కింద ఖాళీ ఆసనం, బుద్ధుడి బొమ్మ లేదు. తర్వాతి తరాలవాళ్ళు అదే రాయిని తిరగేసి మళ్ళీ వాడుకున్నారు. ఆ గది ఒక్కోసారి మూసి ఉంటుంది, కాబట్టి బయల్దేరేముందు వెబ్‌సైట్‌లో చూసుకోండి.

బందరు బాబాయ్:

అమ్మా, మేఘమాల గారు చెప్పింది బాగానే ఉంది, నేనూ వెళ్ళాను, కానీ నా మట్టుకు నాకు ఆ గదిలో పది నిమిషాలు నిలబడితే కడుపు మండింది. వెళ్ళొద్దనడం లేదు. వెళ్ళేముందు నీ లైబ్రరీలోనే సర్వే అధికారి కాలిన్ మెకంజీ గీయించిన అమరావతి డ్రాయింగులు ఉంటాయి, 1816–17 నాటివి, వాటి డిజిటల్ కాపీలైనా ఒకసారి తిరగేసి వెళ్ళు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో పట్నం కట్టేటప్పుడు ఆ స్తూపం దిబ్బలో రాళ్ళు ఎన్ని పోయాయో, మెకంజీ మనుషులు గీసేనాటికి ఏవి మిగిలాయో, ఆ బొమ్మలు చూసి ఆ రాళ్ళ ముందు నిలబడితే అర్థమవుతుంది. వాసిరెడ్డి జమీందారీ సంగతులు నీ రెవెన్యూ కాగితాల్లో కూడా తగులుతూనే ఉంటాయి కదా.

కానీ మ్యూజియంతో ఆపెయ్. ఇన్నాళ్ళూ నాలుగు గోడల మధ్య కూర్చున్నదానివి, మిగతా రోజులు కూడా ఇంకో నాలుగు గోడల మధ్యకే పోతావా? శనివారం పొద్దున్నే కాలువ గట్టు పట్టుకో. కింగ్స్ క్రాస్ స్టేషన్ వెనక గ్రానరీ స్క్వేర్ ఉంది, అక్కడ మెట్లు దిగితే రీజెంట్స్ కెనాల్. 1820లో పూర్తయింది, సరుకుల పడవల కోసం తవ్వినది, ఇప్పుడు ఆ పడవల్లో జనం కాపురాలుంటున్నారు. పొగ గొట్టంలోంచి కట్టెల పొగ, పైకప్పు మీద సైకిలు, పూలకుండీలు, ఒక పిల్లి. గట్టు మీద నడిస్తే అరగంటలో కామ్‌డెన్. ఇంకాస్త ముందుకెళితే జూ పక్కనుంచే వెళుతుంది దారి, టికెట్ లేకుండానే ఒకప్పటి పక్షుల పంజరం కనబడుతుంది, ఇప్పుడు అందులో కోతులున్నాయి.

జూ దగ్గర గట్టు వదిలి పైకెక్కితే ప్రిమ్‌రోజ్ హిల్. ఊరంతా అక్కడినుంచి కనిపిస్తుంది, ఆకాశం తేటగా ఉంటే. ఆ కొండకి అవతలి వైపు కింగ్ హెన్రీస్ రోడ్డు, 10వ నంబరు ఇల్లు. 1921–22లో అంబేడ్కర్ ఉన్నది అందులోనే, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చదివే రోజుల్లో. 2015లో మహారాష్ట్ర ప్రభుత్వం కొని మ్యూజియం చేసింది. తెరిచి ఉండే వేళలు చూసుకుని వెళ్ళు. మూసి ఉన్నా బయట గోడ మీద ఫలకం ఉంటుంది. పగలంతా లైబ్రరీల్లో చదివి ఆయన ఇంత దూరం నడిచి వచ్చేవాడేమో అనుకుంటూ నేను ఆ వీధిలో చాలాసేపు నిలబడ్డాను.

కొబ్బరాకు:

బాబాయ్ గారు సగంలో ఆపేశారు, అసలు సంగతి ఆ కాలువ చివర ఉంది.

అదే గట్టు పట్టుకుని ప్రిమ్‌రోజ్ హిల్ దాటి ఇంకా పడమటికి నడిస్తే లిటిల్ వెనిస్ వస్తుంది. మధ్యలో ఒకచోట కాలువ సొరంగంలోకి పోతుంది, నడిచేవాళ్ళకి లోపల దారి లేదు, పైకెక్కి వీధుల్లోంచి నడిచి అవతల మళ్ళీ దిగాలి. లిటిల్ వెనిస్ నుంచి ఇంకో కాలువ మొదలవుతుంది, దాని గట్టున ముప్పావుగంట నడిస్తే లాడ్‌బ్రోక్ గ్రోవ్ వంతెన. వంతెన ఎక్కి కుడివైపు తిరిగి హారో రోడ్డుకి వెళితే కెన్సల్ గ్రీన్ శ్మశానం పెద్ద గేటు. సి.పి.బ్రౌన్ సమాధి ఉన్నది అక్కడే.

మొత్తం ఎనిమిది, తొమ్మిది కిలోమీటర్లు ఉంటుంది. కాళ్ళు లాగితే లిటిల్ వెనిస్ దగ్గర వారిక్ అవెన్యూ స్టేషన్‌లో బేకర్‌లూ లైన్ ఎక్కండి, క్వీన్స్ పార్క్ దాటి వెళ్ళే రైలైతే మారనక్కర్లేదు, అదే కెన్సల్ గ్రీన్‌కి తీసుకెళుతుంది.

బ్రౌన్ 1798లో కలకత్తాలో పుట్టాడు, 1884 డిసెంబర్‌లో లండన్‌లో పోయాడు. వేమన పద్యాలు 1829లో అచ్చు వేయించినవాడు, 1852లో నిఘంటువు తెచ్చినవాడు, ఇవన్నీ మీకు తెలిసినవే. మీకు పనికొచ్చే ముక్క ఏంటంటే నందన కరువు నాటికి ఆయన మన వైపే కంపెనీ ఉద్యోగంలో ఉన్నాడు. మీరు చదువుతున్న ఆ ఉత్తరాల తరం మనిషి. రిటైరయ్యాక ఇక్కడికొచ్చి లండన్ యూనివర్సిటీలో తెలుగు చెప్పాడు.

ఒక్క హెచ్చరిక. ఆ శ్మశానం చాలా పెద్దది, డెబ్బై ఎకరాల పైమాట, 1833లో మొదలుపెట్టింది. ఊరికే వెళ్ళి వెతుకుతానంటే దొరకదు. పెద్ద పెద్ద గోపురాల మధ్య గడ్డి మోకాలెత్తు పెరిగి, పేర్లు అరిగిపోయిన రాళ్ళు వేలల్లో ఉంటాయి. కాబట్టి ఈ రోజే ఆఫీసుకి మెయిల్ రాసి, పేరు, చనిపోయిన సంవత్సరం ఇచ్చి, ప్లాట్ నంబరు, మ్యాపు అడగండి. వారాంతంలో అక్కడ అడగడానికి మనిషి ఉండకపోవచ్చు. ద్వారకానాథ్ ఠాగూర్ సమాధి కూడా అందులోనే ఉంది, రవీంద్రుడి తాత, 1846లో ఇక్కడే పోయాడు. అదీ అదే మెయిల్‌లో అడిగెయ్యండి.

అరుణ_ఎన్:

అందరూ బాగా చెబుతున్నారు గానీ ఆవిడ ఒక్కతే తిరుగుతానంది, నవంబర్ అంది, అది ఎవరూ పట్టించుకోలేదు. కాలువ గట్టు పగలు చక్కగా ఉంటుంది, పరిగెత్తేవాళ్ళు, సైకిళ్ళు, కుక్కలు, బోలెడు జనం. చీకటి పడ్డాక మాత్రం ఆ గట్టు మీద ఉండొద్దు, వంతెనల కింద లైట్లు సరిగ్గా ఉండవు. పొద్దున తొమ్మిదికి మొదలుపెడితే రెండింటికల్లా కెన్సల్ గ్రీన్‌లో ఉంటారు. శ్మశానం గేటు కూడా చలికాలంలో పెందలాడే వేసేస్తారు. వెనక నుంచి సైకిల్ బెల్లు వినబడితే గోడవైపు జరగండి, నీళ్ళవైపు కాదు.

దీనికంటే ముఖ్యమైనది ఫోన్. లండన్‌లో ఎలక్ట్రిక్ బైకుల మీద వచ్చి చేతిలోంచి ఫోన్ లాక్కుపోవడం బాగా ఎక్కువ. రోడ్డు పక్కన నిలబడి మ్యాపు చూస్తుంటే అంతే, కన్ను మూసి తెరిచేలోపు మాయం. మామూలు వాళ్ళకి ఫోన్ పోతుంది, మీకు థీసిస్ పోతుంది. శుక్రవారం మ్యూజియానికి వెళ్ళకముందే ఫోటోలన్నీ క్లౌడ్‌లోకి, ఇంకో కాపీ హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించండి. లైబ్రరీ వైఫై ఉండగానే ఈ పని అయిపోవాలి. ఆ హార్డ్‌డిస్క్ మీతోపాటు బ్యాగులో తిప్పకండి, రూములో పెట్టండి. దారి చూసుకోవాలంటే గోడకి ఆనుకుని, లేదా ఏదైనా షాపు లోపలికెళ్ళి చూసుకోండి.

పాతకాగితాలు:

అందరికీ చాలా థ్యాంక్స్. బ్రౌన్ ఇక్కడే ఉన్నాడన్న సంగతే నాకు తట్టలేదు, వెంటనే మెయిల్ రాశాను. శనివారం లైబ్రరీ ఆలోచన మానుకున్నా. శుక్రవారం మధ్యాహ్నం సర్దుడు, సాయంత్రం అమరావతి, శనివారం కాలువ. బందరు బాబాయ్ గారూ, వాసిరెడ్డి వాళ్ళ బకాయిల గొడవ మీద ఇప్పటికే సగం నోట్‌బుక్ నిండింది, కాబట్టి ఆ డ్రాయింగులు రేపే చూస్తాను.

ఇక ఆదివారం, సోమవారం. ఆ గడియారం ఫోటో ఎలాగూ దిగాలి. దాంతోపాటు ఆ వైపు నా పనికి సంబంధించినవి ఏమైనా ఉన్నాయా? సోమవారం పొద్దున్నే రూము ఖాళీ చెయ్యాలి, ఫ్లైట్ రాత్రికి. పెద్ద సూట్‌కేసు ఉంది, దాన్ని పెట్టుకుని పగలంతా ఏం చెయ్యను?

కొబ్బరాకు:

ఉన్నాయి. మీరు చదివే కాగితాలు ఉండిన ఇళ్ళు చూడండి.

ఆదివారం పొద్దున కింగ్స్ క్రాస్ దగ్గర 91 నంబరు బస్సు ఎక్కి, పైఅంతస్తులో ముందు సీటు పట్టుకుని, ట్రఫాల్గర్ స్క్వేర్‌లో దిగండి. వైట్‌హాల్ మీదుగా నడిస్తే పది నిమిషాల్లో మీ గడియారం. దాని కంటే ముందే కుడివైపు కింగ్ చార్లెస్ స్ట్రీట్ వస్తుంది, అక్కడి ఫారిన్ ఆఫీస్ భవనంలో ఒక భాగమే పాత ఇండియా ఆఫీస్, 1860ల్లో కట్టింది. లోపలికి రోజూ రానివ్వరు. ఆ వీధి చివర మెట్ల పైన పార్కు వైపు చూస్తూ రాబర్ట్ క్లైవ్ విగ్రహం ఉంటుంది. ఫోటో ఆయనతో దిగుతారో గడియారంతో దిగుతారో మీ ఇష్టం.

తిరిగి ట్రఫాల్గర్ దగ్గరికొచ్చి 15 నంబరు బస్సు. సెయింట్ పాల్స్ చర్చి ముందు నుంచే వెళుతుంది, మాన్యుమెంట్ దగ్గర దిగి లెడెన్‌హాల్ స్ట్రీట్‌కి నడవండి. ఈస్ట్ ఇండియా కంపెనీ హెడ్డాఫీసు ఉండేది ఆ వీధిలోనే. మద్రాసు నుంచి ఓడలో నెలల తరబడి ప్రయాణం చేసిన మీ కరువు ఉత్తరాలు తెరిచింది అక్కడే. 1860ల మొదట్లో పడగొట్టేశారు. ఇప్పుడు ఆ స్థలంలో లాయిడ్స్ బిల్డింగ్ ఉంది, గొట్టాలు, లిఫ్టులు అన్నీ బయటికి వేలాడుతూ ఉండే స్టీలు భవనం, 1986లో తెరిచారు. కంపెనీ జాడ అంటూ ఒక్క ఇటుక కూడా కనబడదు. కావాలంటే ఇంకో పది నిమిషాలు నడిచి డెవన్‌షైర్ స్క్వేర్‌కి వెళ్ళండి, కంపెనీ గోదాములు అక్కడ ఇంకా నిలబడే ఉన్నాయి, ఆఫీసులుగా మార్చారు. ఆదివారం కాబట్టి ఆ పేట మొత్తం ఖాళీగా ఉంటుంది, బ్యాంకులవాళ్ళు ఎవరూ రారు, ప్రశాంతంగా తిరగొచ్చు. తినడానికి మాత్రం ఏదీ దొరకదు, తిని వెళ్ళండి.

అరుణ_ఎన్:

బస్సులో డబ్బులు తీసుకోరు, కార్డు గానీ ఫోన్ గానీ ఆనించాలి. ఎక్కేటప్పుడు ఒకసారి ఆనిస్తే చాలు, దిగేటప్పుడు అక్కర్లేదు. మొదటిది ఎక్కిన గంటలోపు ఎక్కే బస్సులన్నీ అదే ఛార్జీలో వస్తాయి. మెట్రోకి రెండు వైపులా ఆనించాలి. రోజుకింత అని పైపరిమితి ఉంటుంది, కానీ పొద్దున కార్డు, సాయంత్రం ఫోన్ వాడితే ఇద్దరు మనుషులుగా లెక్కేస్తుంది. అది కార్డే అయితే రోజంతా కార్డే వాడండి.

సూట్‌కేసు సంగతి. లైబ్రరీ లాకర్లలో పట్టదు, బ్రిటిష్ మ్యూజియంలో చక్రాల పెట్టెలు గేటు దగ్గరే ఆపేస్తారు. కింగ్స్ క్రాస్, సెయింట్ పాంక్రాస్ స్టేషన్లలో లగేజీ దాచిపెట్టే కౌంటర్లు ఉన్నాయి, డబ్బులు కట్టి అక్కడ పడెయ్యండి. రూము ఓనర్ని ఒకసారి అడిగి చూడండి, చాలామంది సాయంత్రం దాకా ఉంచుకుంటారు, ఊరికే.

మేఘమాల:

సోమవారం ఇక దూరం ఎక్కడికీ పోకండి. లైబ్రరీ ఎలాగూ తెరిచే ఉంటుంది, శుక్రవారం సర్దుడులో ఏదైనా పేజీ నంబరు తేలకపోతే ఆ ఫైలు అట్టే పెట్టించుకుని సోమవారం గంటసేపు చూసుకోవచ్చు. కొత్తది మాత్రం అడగొద్దు! కింద గ్యాలరీలో మాగ్నా కార్టా ఉంది, ఉచితం, ఇన్నాళ్ళూ దాని పక్కనుంచే లిఫ్టు ఎక్కి ఉంటారు. తర్వాత లైబ్రరీ వెనక పది నిమిషాల నడకలో ఓల్డ్ సెయింట్ పాంక్రాస్ చర్చి, చిన్న తోట, కూర్చోవడానికి బల్లలు. అక్కడ జాన్ సోన్ అనే ఆర్కిటెక్ట్ కుటుంబ సమాధి ఉంది, దాని పైకప్పు చూసే లండన్ ఎర్ర టెలిఫోన్ బూత్ పైభాగం గీశారంటారు. చూస్తే మీకే తెలుస్తుంది.

బందరు బాబాయ్:

హీత్రూకి కింగ్స్ క్రాస్ నుంచి పికడిలీ లైన్ తిన్నగా వెళుతుంది, గంట పడుతుంది, ఎలిజబెత్ లైన్ కంటే చవక. అయిదు నుంచి ఆరున్నర మధ్య పెట్టెతో మాత్రం ఎక్కకు తల్లీ, ఊపిరాడదు, నాలుగింటికే ఎక్కెయ్. ఎక్కేముందు రైలు నుదుటి మీద ఏ టెర్మినల్ అని రాసుందో చూడు. కొన్ని నాలుగుకి పోతాయి, కొన్ని అయిదుకి. రెండు, మూడు టెర్మినళ్ళకైతే ఏదైనా ఫరవాలేదు. నీ టికెట్ మీద ఎంత ఉంది?

పాతకాగితాలు:

నాలుగు, బాబాయ్ గారూ. శ్మశానం వాళ్ళ జవాబు కూడా వచ్చింది, మ్యాపు పంపారు, చదరం నంబరు, వరస నంబరు అన్నీ ఉన్నాయి. ఠాగూర్‌ది కూడా గుర్తు పెట్టి ఇచ్చారు. శనివారం తొమ్మిదికి గ్రానరీ స్క్వేర్ మెట్ల దగ్గర ఉంటాను, ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళెవరైనా నడవడానికి వస్తారా?

కొబ్బరాకు:

నేనొస్తా. మా ఆవిడ కూడా వస్తానంటోంది. వాన పడినా వస్తాం.